యాప్‌కు కంట్రోలర్ ఎందుకు దొరకడం లేదు: హన్మకొండ ఇంటి ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గోపాల్‌పూర్ వైపు కట్టుకున్న రెండంతస్తుల ఇంట్లో అమ్మానాన్నలు ఉంటున్నారు, మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆరు లైట్లు, రెండు ఫ్యాన్లు, సంపు మోటారు ఫోన్ నుంచి నడపాలని ఒక వైర్‌లెస్ కంట్రోలర్ కొన్నారు. యాప్‌లో వెతకమంటే సగం దాకా వెళ్లి ‘పరికరం కనబడలేదు’ అని ఆగిపోతున్నది. ఒక రాత్రి ఎలాగో కలిసింది గానీ, తెల్లవారి కరెంటు పోయి వచ్చాక మళ్లీ ‘ఆఫ్‌లైన్’ అయింది. కంట్రోలర్ చెడిపోయిందని ఎలక్ట్రీషియన్ అంటే దుకాణంలో మార్చి తెచ్చారు. రెండోదీ అట్లాగే చేస్తున్నది. డాలస్‌లో ఉన్న మీ అక్క దసరాకు వస్తూ అక్కడి నుంచి మంచిది తెస్తానంటున్నది, తెప్పించుకోవాలా అని అడిగారు.

తెప్పించుకోకండి. రెండు వేర్వేరు కంట్రోలర్లు ఒకే చోట ఒకే తీరుగా ఆగిపోయాయంటే లోపం వాటిలో ఉండే అవకాశం చాలా తక్కువ. మూడోది తెచ్చినా అక్కడే ఆగుతుంది. పన్నెండేళ్లుగా హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో వైరింగుతో పాటు ఈ పనులు కూడా చేస్తున్నాను. చెడిపోయిందంటూ నా చేతికి వచ్చిన కంట్రోలర్లలో ఎక్కువ భాగం బాగానే ఉన్నవి. కలవలేదు గదా అని వాటిని మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తూ పోతే అసలు కారణం మరింత మరుగున పడుతుంది. అందువల్ల శనివారం మీరు ఇంటికి వెళ్లినప్పుడు రీసెట్ బటన్ ముట్టకముందే, సంబంధం ఎక్కడ తెగుతున్నదో చూడండి.

యాప్‌ను కంట్రోలర్‌కు కలపడం అని మనం ఒక్క మాటలో అంటాము గానీ, అందులో మూడు వేర్వేరు లంకెలు ఉన్నాయి. కొత్తగా జత చేసే ఆ రెండు నిమిషాలలో మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ఫోన్ నుంచి కంట్రోలర్‌కు చేరడం మొదటిది. ఆ వివరాలతో కంట్రోలర్ తనంతట తాను రూటర్‌కు కలిసి ఒక చిరునామా తీసుకోవడం రెండోది. రూటర్ మీదుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లి తయారీదారు సర్వర్‌తో మాట్లాడటం మూడోది. హైదరాబాద్ నుంచి మీరు లైటు వేస్తే ఆ ఆజ్ఞ ముందు ఆ సర్వర్‌కు పోయి, అక్కడి నుంచి మీ ఇంటికి వస్తుంది. ఈ మూడింటిలో ఏది తెగినా యాప్ చెప్పే మాట దాదాపు ఒకటే, అందుకే తికమక. కంట్రోలర్ మీద ఉన్న చిన్న దీపం యాప్ కన్నా నిజం చెబుతుంది. చాలా కంపెనీల పరికరాల్లో అది వేగంగా మిణుకుతూనే ఉన్నదంటే వివరాలు ఇంకా అందలేదని అర్థం. మిణుకడం ఆగి, అర నిమిషం తర్వాత మళ్లీ మొదలైతే వివరాలు అందాయి గానీ రూటర్ లోపలికి రానివ్వలేదు. దీపం నిలకడగా ఉండి యాప్‌లో మాత్రమే ఆఫ్‌లైన్ అని ఉంటే ఇంటర్నెట్ వైపు చూడాలి. మీ కంట్రోలర్‌తో వచ్చిన కాగితంలో దీపం గురించిన పట్టిక ఉంటుంది, దాన్ని పారేయకండి.

‘సగం దాకా వెళ్లి ఆగుతున్నది’ అనే మీ వర్ణనను బట్టి నా మొదటి అనుమానం మొదటి లంకె మీద. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే రూటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో శ్రేణుల్లో, ఒకేసారి వైఫై ఇస్తాయి, రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంచుతాయి. ఫోన్ దగ్గరలో ఉంటే వేగం ఎక్కువగా ఉండే 5 మీదికి ఎక్కుతుంది. ఇళ్లలో పెట్టే కంట్రోలర్లు, స్విచ్చులు, బల్బులు మాత్రం చాలావరకు 2.4 మీదనే పనిచేస్తాయి. వీటిలో విరివిగా వాడే ఈఎస్‌పీ8266 చిప్ గానీ, 2016లో వచ్చిన తొలి ఈఎస్‌పీ32 చిప్ గానీ 5 గిగాహెర్ట్జ్‌ను అసలు వినలేవు. దీన్ని తయారీదారుల పిసినారితనంగా చూడనవసరం లేదు, 2.4 గోడల గుండా మెరుగ్గా పోతుంది, లైటు వేయడానికి ఆర్పడానికి వేగంతో పని లేదు, చిప్ చవకగా దొరుకుతుంది.

ఇక్కడ కొంచెం లోతుగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయం తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. త్వరగా జత చేసే పద్ధతిలో ఫోన్ మీ ఇంటి వైఫైలోనే ఉండి పాస్‌వర్డ్‌ను గాలిలోకి పంపుతుంది. కానీ ఆ వైఫైలో పోయే ప్రతి సమాచారమూ తాళం వేసి ఉంటుంది, కంట్రోలర్ దగ్గర ఇంకా తాళంచెవి లేదు. మరి అది ఎట్లా చదువుతుంది? లోపల ఏమున్నదో తెలియకపోయినా, సమాచారం పోయే ఒక్కో పొట్లం (ప్యాకెట్) ఎంత పొడవున్నదో బయటి నుంచి ఎవరికైనా కనిపిస్తుంది. ఫోన్ ఒక్కో అక్షరాన్నీ ఒక్కో పొడవుగా మార్చి, ఖాళీ పొట్లాలను వరుసగా వందల కొద్దీ పంపుతుంది; కంట్రోలర్ తన బ్యాండులోని చిన్న భాగాలైన ఛానెళ్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వింటూ, ఆ పొడవుల వరుసను పట్టుకుని పేరును, పాస్‌వర్డ్‌ను కూర్చుకుంటుంది. ఫోన్ 5 మీద ఉన్నప్పుడు ఈ పొట్లాలను రూటర్ 2.4 వైపు కూడా వినిపిస్తే పని జరుగుతుంది, వినిపించకపోతే జరగదు. కొన్ని రూటర్లు అందరికీ ఉద్దేశించిన ఇలాంటి పొట్లాలను అనవసరమని వడకట్టి ఆపేస్తాయి కూడా. మీకు ఒక రాత్రి కలిసి, మిగతా సార్లు కలవకపోవడానికి ఇదే కారణమై ఉండవచ్చు: ఆ రాత్రి ఫోన్ రూటర్‌కు దూరంగా ఉండి, తనంతట తానే 2.4 మీదికి దిగి ఉంటుంది.

చేయవలసింది ఇది. రూటర్ వెనుక అంటించిన చీటీ మీద దాని సెట్టింగుల చిరునామా ఉంటుంది, సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ. అందులోకి వెళ్లి రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి. ‘స్మార్ట్ కనెక్ట్’ అనో ‘బ్యాండ్ స్టీరింగ్’ అనో ఉంటే ముందు దాన్ని ఆపితేనే రెండు పేర్లు పెట్టుకోవడానికి వీలవుతుంది. ఇక్కడ ఒక మెలకువ: ఇప్పుడున్న పేరును 2.4కే ఉంచి, కొత్త పేరును 5కు పెట్టండి, అప్పుడు ఇంట్లో పాత పరికరాలు ఏవీ చెదరవు. భద్రత, అంటే వైఫైకి తాళం వేసే పద్ధతి, దగ్గర డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత చిప్‌లు కలవలేవు, డబ్ల్యూపీఏ2 గానీ రెండూ కలిసిన పద్ధతి గానీ ఎంచుకోండి. ఛానెల్ ‘ఆటో’లో ఉంటే 1, 6, 11లలో ఒకదానికి కట్టేయండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మన దేశంలో 2.4లో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు ఉన్నాయి, కానీ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఈ మూడే. 12, 13 ఛానెళ్లను కొన్ని విదేశీ పరికరాలు వినవు కూడా.

పేరు విషయంలో ఇంకొక మాట, ఇది మన వాళ్లకే ఎదురయ్యే చిక్కు. ఇంటి పేరును తెలుగులోనే వైఫైకి పెట్టుకున్న ఇళ్లు నేను చూశాను, చూసి సంతోషపడ్డాను కూడా. అయితే వైఫై పేరుకు 32 బైట్ల పరిమితి ఉన్నది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు పడితే తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతానికి విడివిడిగా మూడేసి, ఒక్కో ఒత్తుకు ఆరేసి పడతాయి. ‘శ్రీనివాస నిలయం’ అని పెట్టబోతే 43 బైట్లవుతుంది, పట్టదు. ‘శ్రీనివాస’ వరకు 27తో సరిపోతుంది గానీ, ఇంగ్లీషు కాని పేరును సరిగా చదవలేని కంట్రోలర్లు కొన్ని ఉన్నాయి. 5 గిగాహెర్ట్జ్ పేరును తెలుగులో నిశ్చింతగా పెట్టుకోండి, 2.4కు మాత్రం ఖాళీలు, ప్రత్యేక గుర్తులు లేని ఇంగ్లీషు పేరు, ఎనిమిదికి తగ్గని అక్షరాల పాస్‌వర్డ్ ఉంచండి. పేరును దాచిపెట్టే సదుపాయం వాడకండి, దానివల్ల భద్రత పెరగదు, పరికరాలకు మాత్రం ఇబ్బంది పెరుగుతుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. జత చేసే ముందు 2.4 పేరుకు కలపండి, మొబైల్ డేటా ఆపండి, వీపీఎన్ ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లొకేషన్ వేసి, యాప్‌కు ఆ అనుమతి ఇవ్వండి. లైటు వేయడానికి నేనెక్కడున్నానో ఎందుకు అని మీ నాన్నగారు అడిగినట్లు రాశారు. ఆ అనుమానం సబబే. చుట్టూ ఉన్న వైఫై పేర్లను బట్టి మనిషి ఎక్కడున్నాడో చెప్పేయవచ్చు, కాబట్టి ఆ పేర్లను వెతికే ఏ యాప్ అయినా లొకేషన్ అనుమతి అడగాలని 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి నియమం వచ్చింది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13లో ఇలాంటి కొన్ని పనులకు ‘దగ్గరలోని పరికరాలు’ అనే వేరే అనుమతి వచ్చింది గానీ, యాప్‌లు అన్నీ ఇంకా దానికి మారలేదు. పని అయ్యాక లొకేషన్ అనుమతి తీసేయవచ్చు, లైట్లు ఆగవు. ఐఫోన్ అయితే 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ‘లోకల్ నెట్‌వర్క్’ అనే అనుమతి ఉన్నది. మొదటిసారి అడిగినప్పుడు చాలామంది వద్దు అని నొక్కేస్తారు, ఆ తర్వాత యాప్ ఎంత వెతికినా ఏదీ కనబడదు. సెట్టింగులలో ప్రైవసీ కింద దాన్ని మళ్లీ వేయవచ్చు.

ఇంత చేసినా త్వరిత పద్ధతి పని చేయకపోతే దానితో కుస్తీ పట్టకండి, రెండో పద్ధతికి మారండి. యాప్‌లో దాన్ని ఏపీ (యాక్సెస్ పాయింట్) మోడ్ అంటారు. నిజం చెప్పాలంటే నేను ఇళ్లలో మొదటి నుంచీ దీన్నే వాడతాను, ఒక అడుగు ఎక్కువైనా నమ్మకమైన దారి ఇది. ఇందులో కంట్రోలర్ తానే ఒక చిన్న వైఫై ఇస్తుంది. మీ ఫోన్ ఇంటి వైఫైని వదిలి దానికి కలిసి, పేరును, పాస్‌వర్డ్‌ను నేరుగా అప్పగిస్తుంది. ఊహించి పట్టుకోవలసింది ఏమీ లేదు. అయితే ఫోన్ ఇక్కడ అడ్డం తిరుగుతుంది. కంట్రోలర్ ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు, అది గమనించిన ఫోన్ మనకు మేలు చేస్తున్నాననుకుని మొబైల్ డేటా వైపో, ఇంటి వైఫై వైపో జారిపోతుంది. ‘ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా’ అని అడిగితే ఉండాలనే చెప్పండి. యాప్‌కు తిరిగి రాకముందు ఇంకా కంట్రోలర్ వైఫైలోనే ఉన్నామా అని ఒకసారి చూసుకోండి. ఇందాక చెప్పిన ఈఎస్‌పీ చిప్‌లు ఉన్న పరికరాలైతే ఈ దశలో వాటి చిరునామా సాధారణంగా 192.168.4.1 ఉంటుంది, కొన్నింటిలో బ్రౌజర్‌లో అది కొడితే వివరాలు నింపే పేజీ నేరుగా తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కన్ను గుర్తు నొక్కి కళ్లతో చూసి సరిచూసుకోండి; పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు తేడా ఉంటుందని మరచిపోవడం వల్ల సగం రోజు పోయిన ఇళ్లున్నాయి. బ్లూటూత్ ద్వారా జత చేసే రకమైతే ఈ తంటా ఏదీ ఉండదు, ఫోన్‌ను రెండు మూడడుగుల దూరంలో ఉంచితే చాలు.

రూటర్ లోపలికి రానివ్వకపోవడం గురించి కొద్దిగానే చెప్పాలి. అతిథుల కోసం విడిగా ఇచ్చే గెస్ట్ వైఫైలో కంట్రోలర్‌ను పెడితే అది ఇంటర్నెట్‌కు పోతుంది గానీ ఇంట్లోని ఫోన్‌తో మాట్లాడలేదు, ఎందుకంటే అతిథులు ఒకరినొకరు చూడకుండా అక్కడ గోడ కట్టి ఉంటుంది. మామూలు వైఫైలో కూడా ‘ఏపీ ఐసొలేషన్’ అనే గుర్తు పెట్టి ఉంటే అదే గోడ వస్తుంది, తీసేయండి. కంట్రోలర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేటట్లు రూటర్‌లో రాసి పెట్టడం మంచి అలవాటు.

కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లైన్ కావడం వేరే కథ. కరెంటు రాగానే కంట్రోలర్ పది సెకన్లలో లేచి వైఫై కోసం వెతుకుతుంది. ఫైబర్ రూటర్ పూర్తిగా లేచి లైను పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మంచి కంట్రోలర్లు ఓపికగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, కొన్ని మాత్రం కొన్నిసార్లు చూసి ఊరుకుంటాయి. ఇంకా, ఇలాంటి పరికరాల్లో చాలావాటికి సొంత గడియారం ఉండదు, లేవగానే ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకోవాలి. సర్వర్ చూపించే ధ్రువపత్రం గడువులో ఉన్నదో లేదో తేల్చుకోవాలంటే సమయం తెలియాలి; సమయం అందకపోతే వైఫైలో ఉండి కూడా సర్వర్‌తో మాట్లాడదు. రూటర్‌ను, కంట్రోలర్‌ను రెండింటినీ ఇన్వర్టర్ లైను మీదికి మార్చండి. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ కోసం 12 వోల్టుల చిన్న బ్యాకప్ పెట్టెలు దొరుకుతాయి. కొనేముందు మీ రూటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేది తీసుకోండి. మన దగ్గర జూన్‌లో తొలి గాలివానలకు కరెంటు ఒక్కసారి పోయి ఊరుకోదు, నిమిషంలో నాలుగైదు సార్లు పోయి వస్తుంది. చాలా స్మార్ట్ బల్బులను రీసెట్ చేసే పద్ధతి కూడా అదే, అంటే వరుసగా మూడు నుంచి ఐదు సార్లు ఆర్పి వేయడం. ఆ గాలివాన రాత్రి తర్వాత బల్బులు తమంతట తామే మిణుకుతున్నాయని, ఇంట్లో ఏదో దోషం ఉన్నదని భయపడి పిలిచినవాళ్లు ఉన్నారు. దోషం ఏమీ లేదు, ఎవరో రీసెట్ చేశారని బల్బు అనుకున్నది. కొన్ని యాప్‌లలో దీన్ని ఆపే సెట్టింగు ఉంటుంది, వెతికి ఆపండి.

మీరు రాసిన దాంట్లో నేను ఇంకొకటి గమనించాను: రూటర్ పై అంతస్తు హాలులో ఉన్నది, కంట్రోలర్‌ను కింద మీటర్ దగ్గర ఇనుప డబ్బాలో బిగించారు. ఇనుప డబ్బా తలుపు వేస్తే రేడియో సంకేతం చాలావరకు లోపలే ఉండిపోతుంది. దాన్ని బయటికి తీసి ప్లాస్టిక్ పెట్టెలో గోడకు బిగించండి, మధ్యలో స్లాబు ఒక్కటే అడ్డం ఉండేటట్లు చూడండి. స్లాబులోని ఇనుప చువ్వలు, గోడలకు అతికించిన గ్రానైటు పలకలు, మెట్ల కింద నీళ్ల డ్రమ్ములు అన్నీ కొంత కొంత మింగుతాయి. మట్టెవాడలో డంగుసున్నంతో కట్టిన ఒక పాత ఇంట్లో, రెండడుగుల గోడ ఒక్కటి దాటించడానికి నేను రెండో రూటర్‌ను తీగతో లాగి పెట్టవలసి వచ్చింది. ఆ ఇంటి గోడను తొలచడానికి యజమాని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సరైనదని నేనూ అనుకున్నాను, తీగను కిటికీ చట్రం వెంబడి తెచ్చాము.

మీ కంట్రోలర్ స్విచ్చులతో వైఫైలో కాక జిగ్బీ అనే వేరే రేడియో పద్ధతిలో మాట్లాడే రకమైతే ఇంకొక జాగ్రత్త ఉన్నది. జిగ్బీ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, 11 నుంచి 26 దాకా 16 ఛానెళ్లలో పని చేస్తుంది. వైఫైలో 1, 6, 11 ఛానెళ్లు నడుస్తున్నప్పుడు జిగ్బీ 15, 20, 25, 26 వాటి సందుల్లో పడతాయి గనుక ఇబ్బంది తక్కువ. కంట్రోలర్‌ను రూటర్ మీద పెట్టకుండా కనీసం ఒక మీటరు ఎడంగా ఉంచండి. నేరుగా కరెంటు మీద నడిచే జిగ్బీ పరికరాలు ఒకదాని మాటను ఇంకొకటి అందుకుని ముందుకు పంపుతాయి. అలాంటి బల్బును గోడ స్విచ్చు దగ్గర ఆర్పేస్తే ఆ బల్బుతో పాటు దాని వెనుక ఉన్న పరికరాలూ మాయమవుతాయి. ఇవన్నీ వైఫై బాగుపడ్డాక చూసుకోవలసినవి, ముందే కలగాపులగం చేసుకోకండి.

హైదరాబాద్ నుంచి నడపడం కోసం రూటర్‌లో పోర్టులు, అంటే బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే దారులు, తెరవమని ఎవరో చెప్పారన్నారు. తెరవకండి. మన ఇంటి కనెక్షన్లలో చాలావాటికి సొంత బహిరంగ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి, కాబట్టి పోర్టు తెరిచినా ప్రయోజనం ఉండదు. సొంత చిరునామా ఉన్నచోట తెరిస్తే దారిన పోయే ప్రతివాడూ తలుపు తట్టవచ్చు. కంట్రోలర్ తానే బయటికి వెళ్లి సర్వర్‌తో సంబంధం తెరిచి పట్టుకుని ఉంటుంది, మీ ఆజ్ఞ ఆ తెరిచిన దారిలోనే లోపలికి వస్తుంది. శనివారం ఒక పరీక్ష చేయండి: ఫైబర్ తీగను ఐదు నిమిషాలు తీసేసి, రూటర్‌ను మాత్రం వెలుగుతూ ఉంచి, ఇంటి వైఫైలోనే ఉండి లైటు వేయండి. వెలిగితే మీ పరికరానికి ఇంట్లోనే మాట్లాడుకునే శక్తి ఉన్నదన్నమాట. వెలగకపోతే ఇంటర్నెట్ ఆగిన ప్రతిసారీ యాప్ ఆగుతుందని మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. గోడ మీది స్విచ్చులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పని చేయాలి. చేయకపోతే వైరింగు తప్పుగా జరిగినట్లే, ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి.

మోటారు విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, కానీ మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. కంట్రోలర్‌లో కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు, అంటే రిలే, మీద 10 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అని రాసి ఉండేది సాధారణంగా హీటరు లాంటి వాటికి లెక్క. దానికి మోటారును నేరుగా కలిపితే కొన్నాళ్లకు రిలే కొసలు అతుక్కుపోతాయి, అప్పుడు యాప్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా సంపు ఎండేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. కంట్రోలర్ ఒక కాంటాక్టర్‌ను (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చును) మాత్రమే వేసి ఆర్పాలి, మోటారు భారాన్ని ఆ కాంటాక్టర్ మోయాలి, దానితో పాటు భారం ఎక్కువైతే ఆపే ఓవర్‌లోడ్ రిలే, సంపులో నీళ్లు లేకపోతే ఆపే ఫ్లోట్ స్విచ్ ఉండాలి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు ఏ వేళకు వచ్చాయో ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది, హైదరాబాద్‌లో ఉన్న మీకు తెలియదు. లైట్లు, ఫ్యాన్లు ఒక నెల పాటు తడబడకుండా నడిచాకనే మోటారును యాప్‌లోకి తీసుకురండి. ఆ పని చేసే రోజున ఎవరైనా సంపు దగ్గర చేయి పెట్టేముందు ఎంసీబీ (కరెంటు లైనును పూర్తిగా తెంచే బ్రేకరు) దించాలి, యాప్‌లో ఆర్పితే చాలదు.

అమెరికా నుంచి ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. అక్కడ అమ్మే కంట్రోలర్లలో కొన్ని జెడ్-వేవ్ అనే పద్ధతిలో స్విచ్చులతో మాట్లాడతాయి. ఆ పద్ధతికి అమెరికాలో 908.4 మెగాహెర్ట్జ్, భారతదేశంలో 865.2 మెగాహెర్ట్జ్. అక్కడి కంట్రోలర్, ఇక్కడ కొన్న స్విచ్ ఒకదాని మాట ఒకటి వినలేవు. పైగా 908 మెగాహెర్ట్జ్ మన దగ్గర మొబైల్ సేవలకు ఇచ్చిన భాగంలో పడుతుంది, దాన్ని ఇంట్లో వాడటం చట్టరీత్యా కూడా సరి కాదు. అక్కడి స్విచ్చులు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినవి, మన 230 వోల్టులకు కలిపితే కాలిపోతాయి. అక్కకు ఏదైనా చెప్పాలనుకుంటే పుస్తకాలు తెమ్మనండి. ఇకముందు ఇక్కడే కొత్త పరికరాలు కొంటే ‘మ్యాటర్’ గుర్తు ఉన్నవి చూడండి. 2022 అక్టోబరులో మొదటి రూపం వచ్చిన ఈ ప్రమాణంలో ఒక కంపెనీ పరికరాన్ని ఇంకొక కంపెనీ యాప్‌తో కలపవచ్చు. వాటి మీద ఉండే 11 అంకెల కోడ్‌ను గోడకు బిగించకముందే ఫోటో తీసి పెట్టుకోండి, బిగించాక అది గోడ వైపుకు పోతుంది.

చివరగా ఖాతా గురించి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు రీసెట్‌తో కూడా తేలికగా పోదు. మీ ఇంటి యాప్ ఖాతా ప్రస్తుతం ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబరుతో తెరిచి ఉన్నదని రాశారు. నేను చూసిన ఒక ఇంట్లో పరికరాలు బిగించినతను తన నంబరుతోనే ఖాతా తెరిచి, ఏడాది తర్వాత ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఆ ఇంటి పెద్దావిడ తన పడకగది లైటు మీద తనకే అధికారం లేకుండా మూడు నెలలు గడిపింది. ఖాతాలోంచి తొలగించనిదే కొత్త ఖాతాకు కలవని రకం పరికరాలవి, ఆయన దొరికి ఆ పని చేసేదాకా మేము ఏమీ చేయలేకపోయాము. అతను చెడ్డవాడేమీ కాదు, తొందరలో తన ఫోన్ తీశాడంతే. మీరు ఎలక్ట్రీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, అతని ఖాతాలోంచి పరికరాన్ని తీసేయించి, మీ అమ్మగారి నంబరుతో లేదా నాన్నగారి నంబరుతో కొత్త ఖాతా తెరవండి. దేశం అడిగినప్పుడు భారత్ అనే ఎంచుకోండి, కొన్ని యాప్‌లలో దేశం మారితే పాత పరికరాలు కనబడవు. మీరు, మీ అక్క కుటుంబ సభ్యులుగా చేరండి. ఇల్లు వాళ్లది, అందులో ఉండేది వాళ్లు. మీ ఫోన్ పోయినా, మీరు నంబరు మార్చినా వాళ్ల లైట్లు ఆగకూడదు. గేటు, కెమెరా లాంటివి తర్వాత చేర్చుకున్నా అధికారం అదే నంబరు కింద ఉండాలి.

2.4 గిగాహెర్ట్జ్ పేరును, పాస్‌వర్డ్‌ను ఒక కాగితం మీద రాసి మీటర్ డబ్బా లోపల అంటించండి. రేపు ఇంటర్నెట్ కంపెనీ మారినా, రూటర్ మారినా, కొత్త రూటర్‌కు అక్షరం తేడా లేకుండా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టిస్తే కంట్రోలర్, స్విచ్చులు అన్నీ తమంతట తామే వచ్చి కలుస్తాయి, ఒక్కటి కూడా మళ్లీ జత చేయనక్కరలేదు. శనివారం ఏపీ మోడ్‌లో కూడా కలవకపోతే, ఆ సమయంలో దీపం ఎట్లా మిణికింది, ఏ దశలో ఆగింది, రూటర్ వెనుక చీటీ మీద ఏ మోడల్ అని ఉన్నది, ఈ మూడూ నాకు రాయండి. చీటీ ఫోటో పెడితే పాస్‌వర్డ్ ఉన్న గీతను చేత్తో మూసి తీయండి.